లినక్స్ డెస్క్‌టాప్: లోపాల నిర్ధారణ, స్థిరత్వం (ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం)

నిర్వచనం, పరిధి

లినక్స్ కెర్నెల్ మీద నడిచే డెస్క్‌టాప్ కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం తప్పుగా పనిచేసినప్పుడు, తనంతట తాను మూసుకుపోయినప్పుడు, లేదా యంత్రమంతా నిలిచిపోయినప్పుడు, అందుకు మూలం ఎక్కడుందో వెతికి సరిచేసే పనిని లోపాల నిర్ధారణ అంటారు. ప్రోగ్రాం రాతలోనే ఉన్న తప్పు బగ్. ప్రోగ్రాం అర్ధాంతరంగా ఆగిపోవడం క్రాష్. ఆగిపోకుండానే స్పందన మానేయడం హ్యాంగ్. కెర్నెలే ముందుకు సాగలేని స్థితి కెర్నెల్ పానిక్. వాడుకలో ఈ నాలుగింటినీ కలిపి "సిస్టం హ్యాంగైంది" అనేస్తారు. నిర్ధారణ మాత్రం ఈ తేడా తెలుసుకోవడంతోనే మొదలవుతుంది.

స్థిరత్వం అనే మాట రెండు వేరు గుణాలకు వాడుతారు. ఒకటి, యంత్రం ఆగకుండా నడవడం. రెండోది, లినక్స్‌ను ప్రోగ్రాములతో కలిపి అందించే మూట అయిన పంపిణీలోని ప్రోగ్రాముల వెర్షన్లు మాటిమాటికీ మారకపోవడం. డెబియన్ 'స్టేబుల్' అన్న పేరు ఈ రెండో అర్థంలోనిది. పాత బగ్ తెలిసినదే అయినా అందులో కొన్నాళ్లు అలాగే ఉండిపోవచ్చు, కొత్త బగ్ మాత్రం అంత సులువుగా వచ్చి చేరదు. కొత్తగా నేర్చుకునేవారికి ఈ రెండో గుణమే ఎక్కువ మేలు చేస్తుంది. నిన్న పనిచేసినది ఈరోజు పనిచేయకపోతే, కారణం నవీకరణ కాదని తేల్చుకోవడం తేలికవుతుంది.

చరిత్ర

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న తన కెర్నెల్ సంగతి బయటపెట్టాడు. రెండూ కలిసి పూర్తి వ్యవస్థ అయ్యాయి. 1993లో డెబియన్, 2004 అక్టోబరులో ఉబుంటు, 2006లో లినక్స్ మింట్ వచ్చాయి. డెస్క్‌టాప్ రూపాన్నిచ్చే కేడీఈ 1996లోనూ గ్నోమ్ 1997లోనూ మొదలయ్యాయి. సేవలను, జరిగినవాటిని నమోదు చేసే లాగులను ఒకచోట నడిపే సిస్టమ్‌డీ 2010లో పుట్టి, 2015 నాటికి డెబియన్, ఉబుంటులలో స్థిరపడింది. ఇప్పుడు కొత్తవారు తెరిచి చూసే లాగులలో ఎక్కువ భాగం దాని జర్నల్లోనివే.

తెలుగు విషయానికి వస్తే, తెలుగు లిపి 1991 నాటి తొలి యూనికోడ్ వెర్షన్‌లోనే ఉంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్ ప్యాకేజీలుగా దొరుకుతాయి. హైదరాబాదు కేంద్రంగా 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసి, అనువాదాలు, కళాశాల శిబిరాల ద్వారా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను విద్యార్థులకు చేర్చింది. సీ-డాక్ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్ కూడా తెలుగుతో సహా భారతీయ భాషల కోసం తలపెట్టినదే. 2015లో కేంద్ర ప్రభుత్వం తన కార్యాలయాలకు ఓపెన్ సోర్స్ విధానాన్ని ప్రకటించింది.

ప్రాంత పరిస్థితులు

కర్నూలు జిల్లా పశ్చిమాన ఉన్న ఆదోని ఆంధ్రప్రదేశ్‌లోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి. జిన్నింగు, ప్రెస్సింగు మిల్లుల ఊరు. ఎమ్మిగనూరు చేనేత పట్టణం. అక్కడి నేత సహకార సంఘాన్ని మాచాని సోమప్ప 1938లో స్థాపించారు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల వేరు జిల్లా అయ్యాక కూడా ఈ రెండు పట్టణాలూ కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. బళ్లారి, రాయచూరు జిల్లాలు సరిహద్దున ఉండడంతో తెలుగుతో పాటు కన్నడ, ఉర్దూ కూడా ఇక్కడ వాడుక భాషలు. ఒకే కంప్యూటర్లో మూడు కీబోర్డు అమరికలు అవసరమయ్యే ఇళ్లూ దుకాణాలూ ఉంటాయి.

ఇక్కడి ఇంజనీరింగు విద్యార్థులకు లినక్స్ మొదట పరిచయమయ్యేది సాధారణంగా కళాశాల ల్యాబులో, ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో. ల్యాబులో ఎవరో అమర్చి పెట్టిన యంత్రం వేరు, ఇంట్లో సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ మీద తామే వేసుకున్న లినక్స్ వేరు. రెండోదాంట్లో ఎదురయ్యే చిక్కుల్లో చాలావాటికి మూలం ప్రోగ్రాముల్లో ఉండదు. కరెంటు, వేడి, దూది ధూళి, పాతబడిన డిస్కు, అయిపోయిన గడియారపు బ్యాటరీ అనే ఈ అయిదింటినీ పక్కకు తీసిన తర్వాతే మిగిలినదాన్ని బగ్ అనడం న్యాయం.

వ్యవస్థలోని పొరలు

కింద హార్డ్‌వేర్, దానిపై ఫర్మ్‌వేర్, ఆపైన బూట్‌లోడర్ అయిన గ్రబ్, కెర్నెల్, డ్రైవర్లు, సిస్టమ్‌డీ సేవలు, తెరను గీసే ఎక్స్ లేదా వేల్యాండ్, డెస్క్‌టాప్, చివరగా అనువర్తనాలు. ఒక పొరలోని లోపం తరచుగా పై పొరలో కనిపిస్తుంది. డిస్కు చెడిపోతే బ్రౌజర్ నెమ్మదిస్తుంది. వాడుకరి బ్రౌజర్‌ను తప్పుపడతాడు. అందువల్ల లోపం కనిపించిన చోటు నుంచి కిందికి దిగుతూ వెతకాలి.

ఏ పొరదో తేల్చే తేలిక పరీక్షలు కొన్ని ఉన్నాయి. తెర నిలిచిపోయినప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కితే అక్షరాల తెర వస్తే కెర్నెల్ బతికే ఉంది, చిక్కు డెస్క్‌టాప్‌దో గ్రాఫిక్స్‌దో అన్నమాట. కొత్త వాడుకరి ఖాతా తెరిచి అందులో అదే ప్రోగ్రాం నడిపితే బాగా పనిచేసిందా, లోపం పాత ఖాతాలోని అమరికల ఫైళ్లలో ఉంది. లైవ్ యూఎస్‌బీ నుంచి బూట్ చేసినప్పుడూ అదే లోపం వస్తే హార్డ్‌వేర్‌నో డ్రైవర్‌నో అనుమానించాలి. ఒకే ప్రోగ్రాం ఒకే పని దగ్గర ప్రతిసారీ క్రాష్ అయితే అది బగ్ లక్షణం. రోజుకో ప్రోగ్రాం, కారణం లేకుండా క్రాష్ అవుతుంటే ర్యామ్ మీద అనుమానం పడాలి; మెమ్‌టెస్ట్86+ను ఒక రాత్రంతా నడిపితే విషయం తేలుతుంది.

విద్యుత్ అంతరాయాలు, ఫైల్ సిస్టమ్ (చూ. జర్నలింగ్)

యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కు అన్నిటికన్నా పెద్ద దెబ్బ కరెంటు పోవడం. ఉబుంటు, మింట్, డెబియన్ మామూలుగా వాడే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ 2008 డిసెంబరులో కెర్నెల్ 2.6.28తో స్థిర స్థాయికి వచ్చింది. డిస్కులో చేయబోయే మార్పుల పట్టీని ముందుగా జర్నల్లో రాసుకోవడం దాని పద్ధతి. కరెంటు పోయి వచ్చాక ఆ పట్టీని తిరిగి నడిపి నిర్మాణాన్ని సరిచేసుకుంటుంది. దీనివల్ల ఫైల్ సిస్టమ్ నిర్మాణం నిలుస్తుంది కానీ, అప్పుడే టైపు చేస్తున్న ఫైలులోని సమాచారం నిలుస్తుందన్న హామీ లేదు.

ఈ తేడా 2009లో పెద్ద చర్చకు దారితీసింది. ఎక్స్‌ట్4 రాతను కొంతసేపు ఆలస్యం చేసి వేగం పెంచుకుంటుంది. ఆ వ్యవధిలో యంత్రం ఆగిపోతే కొన్ని అమరికల ఫైళ్లు సున్నా సైజుతో మిగిలాయని ఉబుంటు పరీక్షా వెర్షన్ వాడుకరులు ఫిర్యాదు చేశారు. సరైన పద్ధతిలో డిస్కుకు రాయించని అనువర్తనాలదే తప్పని ఫైల్ సిస్టమ్ నిర్వాహకుడు థియోడర్ త్సో వివరించారు. అయినా తర్వాతి కెర్నెల్లో అలాంటి సందర్భాలకు రక్షణ చేర్చారు. ఒకే సంఘటనను ఒకరు బగ్ అనీ మరొకరు రూపకల్పన అనీ అనడం ఈ రంగంలో మామూలే.

కరెంటు పోయాక బూట్ చేస్తే నల్ల తెర మీద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అన్న మాట, పక్కన మెరిసే గీత కనిపించవచ్చు. కొత్తవారు ఇక్కడే భయపడి దుకాణానికి తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టిస్తారు. నిజానికి ఆ తెర చెప్పేది ఒక్కటే: ఫలానా విభాగంలో పొంతన తప్పింది, ఎఫ్‌ఎస్‌సీకే అనే తనిఖీ సాధనాన్ని చేత్తో నడపండి. విభాగం పేరు ఆ తెర మీదే ఉంటుంది. తనిఖీ ముగిశాక ఎగ్జిట్ అని కొడితే చాలాసార్లు వ్యవస్థ మామూలుగా లేస్తుంది. పదే పదే ఇదే జరిగితే మాత్రం డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ నివేదిక చూడాలి. మార్చివేసిన సెక్టార్లు, మార్పు కోసం వేచి ఉన్న సెక్టార్ల అంకెలు సున్నా దాటి పెరుగుతుంటే ముందు ఫైళ్లను వేరే చోటికి కాపీ చేసుకోవాలి, మరమ్మతు సంగతి ఆ తర్వాత. ఉన్నట్టుండి ఏ ఫైలూ సేవ్ కాకపోవడం కూడా ఇలాంటి సూచనే: తప్పు కనిపిస్తే విభాగాన్ని చదవడానికి మాత్రమే వీలుండేలా మార్చే అమరిక ఉబుంటులో ముందే ఉంటుంది.

నవీకరణ మధ్యలో కరెంటు పోతే ప్యాకేజీల పట్టిక సగంలో ఆగుతుంది. ప్యాకేజీలను అమర్చే సాధనం డీపీకేజీకి మిగిలిన ప్యాకేజీలన్నీ అమర్చమని చెప్పడం, ఆపై దాని మీద నడిచే ఆప్ట్‌కు విరిగిన సంబంధాలను సరిచేయమని చెప్పడం దీనికి నిర్ణీత వైద్యం. కొత్త కెర్నెల్ దిగి, దానికి కావలసిన బూట్ ఫైలు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తయారు కాకముందే కరెంటు పోతే తర్వాతి బూట్‌లో రూట్ విభాగాన్ని జోడించలేకపోయానంటూ కెర్నెల్ పానిక్ వస్తుంది. గ్రబ్ జాబితాలో అధునాతన ఎంపికల కింద పాత కెర్నెల్ ఉంటుంది. దాన్ని ఎంచుకుని లోపలికి వెళ్లి, కొత్తదాని బూట్ ఫైలును మళ్లీ తయారు చేయించవచ్చు. ఈ కారణం చేతనే పాత కెర్నెల్ ఒక్కటైనా మిగిలి ఉండాలి. బూట్ విభాగం నిండిపోయినా ఇదే పానిక్ రావచ్చు కాబట్టి, అక్కడ ఖాళీ ఎంతుందో డీఎఫ్ ఆదేశంతో చూసుకోవాలి.

వేడి, ధూళి

ఇక్కడ ఎండాకాలంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. మిల్లుల దగ్గరి ఇళ్లలో దూది నూగు ప్రాసెసర్ ఫ్యాను రెక్కల మధ్య పేరుకుంటుంది. వేడెక్కిన ప్రాసెసర్ మొదట వేగం తగ్గించుకుంటుంది, ఇంకా పెరిగితే యంత్రాన్ని ఆపేస్తుంది. మధ్యాహ్నం నెమ్మదించి రాత్రి చురుగ్గా నడిచే కంప్యూటర్‌ను ఏ నవీకరణా బాగుచేయదు. ఎల్ఎమ్-సెన్సార్స్ అనే ప్యాకేజీతో ఉష్ణోగ్రతలు చూసి, ఫ్యాను శుభ్రం చేసి, మళ్లీ చూడాలి.

లాగుల పఠనం

గత బూట్‌కు చెందిన జర్నల్‌ను జర్నల్‌సీటీఎల్ చూపిస్తుంది. అందులో చివరి పంక్తులే అసలు సాక్ష్యం. సేవలు ఒక్కొక్కటిగా ఆగినట్టు నమోదై ఉంటే అది సక్రమంగా జరిగిన షట్‌డౌన్. ఏ తప్పూ నమోదు కాకుండా మాట మధ్యలో తెగినట్టు ఆగితే ముందుగా కరెంటునో వేడినో అనుమానించాలి, గట్టి హ్యాంగ్ కూడా ఒక్కోసారి ఏమీ రాయకుండానే పోవచ్చు. కెర్నెల్ తన లోపలి తప్పును నమోదు చేసే ఊప్స్, గ్రాఫిక్స్ డ్రైవర్ తప్పులు, డిస్కు ఇన్‌పుట్-అవుట్‌పుట్ తప్పులు కనిపిస్తే దారి దొరికినట్టే. మెమరీ చాలక ఒక ప్రక్రియను చంపేశానని కెర్నెల్ రాసుకుంటే, అది 4 జీబీ ర్యామ్ మీద బ్రౌజర్ ట్యాబులు తెరిచిన ఫలితం కావచ్చు. ఉబుంటు 22.04 నుంచి ఈ పనిని సిస్టమ్‌డీ-ఊమ్‌డీ ముందుగానే చేస్తుంది. దానివల్ల బ్రౌజర్ ఉన్నట్టుండి మాయమైతే వాడుకరికి క్రాష్‌లా తోస్తుంది.

లాగుల్లో ఎర్ర రంగులో కనిపించే ప్రతి పంక్తీ లోపం కాదు. ఆరోగ్యంగా ఉన్న యంత్రంలోనూ విద్యుత్, హార్డ్‌వేర్ అమరికలకు చెందిన ఏసీపీఐ ఫిర్యాదులు పదుల కొద్దీ ఉంటాయి. లోపం జరిగిన నిమిషాన్ని కాగితం మీద రాసుకుని, ఆ నిమిషం చుట్టూ ఉన్న పంక్తులనే చదవడం మేలు. సందేశాలు తెలుగులో సగం, ఇంగ్లీషులో సగం వచ్చే వ్యవస్థలో ఎల్సీ ఆల్ చలరాశికి సీ అన్న విలువనిచ్చి ఆదేశాన్ని నడిపితే అసలు ఇంగ్లీషు సందేశం వస్తుంది. వెతకడానికీ, నివేదించడానికీ అదే కావాలి.

యంత్రం పూర్తిగా నిలిచిపోయినప్పుడు పవర్ బటన్ నొక్కి పట్టే ముందు ప్రయత్నించదగినది సిస్‌ఆర్‌క్యూ పద్ధతి. ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ నొక్కి పట్టి ఎస్, యు, బి అక్షరాలను విరామమిస్తూ వరసగా నొక్కితే కెర్నెల్ సమాచారాన్ని డిస్కుకు రాసి, విభాగాలను చదవడానికే పరిమితం చేసి, రీబూట్ చేస్తుంది. ఉబుంటులో ఈ మూడింటికీ ముందే అనుమతి ఉంటుంది.

గడియారం, రెండు వ్యవస్థల బూట్

పాత మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. దాంతో వెబ్‌సైట్ల భద్రతా పత్రాలు చెల్లవని బ్రౌజర్ అంటుంది, నవీకరణలూ తిరస్కరించబడతాయి. చూసేవారికి ఇంటర్నెట్ చెడినట్టు కనిపిస్తుంది. మార్చవలసింది ఆ చిన్న బ్యాటరీని. విండోస్‌తో కలిపి వాడే యంత్రాల్లో సమయం సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు తేడా వస్తే కారణం వేరు. లినక్స్ హార్డ్‌వేర్ గడియారాన్ని ప్రపంచ సమయంగా, విండోస్ స్థానిక సమయంగా భావిస్తాయి. ఏదో ఒకదాన్ని రెండోదానికి సరిపోయేలా మార్చాలి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే ఆ విభాగం నిద్రలో ఉన్నట్టే లెక్క, లినక్స్ దానిలో రాయనివ్వదు. ట్యాలీ వంటి లెక్కల ప్రోగ్రాములు విండోస్ కోసం రాసినవి కాబట్టి, దుకాణాల్లో రెండు వ్యవస్థలనూ ఉంచుకోవలసి వస్తుంది. ఆ అవసరంతో పాటే ఈ చిక్కులూ వస్తాయి.

డ్రైవర్లు, ప్రింటర్లు

గ్రాఫిక్స్ వల్ల తెర నల్లగా మిగిలితే గ్రబ్‌లో నోమోడ్‌సెట్ అన్న మాట చేర్చి తాత్కాలికంగా లోపలికి వెళ్లవచ్చు. ఎన్‌విడియా కార్డుల్లో నోవూ డ్రైవర్, కంపెనీ సొంత డ్రైవర్ మధ్య మార్చి చూడటం ఒక పరీక్ష. వైఫై కనబడకపోతే ఫర్మ్‌వేర్ లేకపోవడం సాధారణ కారణం. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది స్థాపక డిస్కులోనే ఉంటోంది.

జిరాక్స్, నెట్ సెంటర్లలో ఎక్కువగా కనిపించే చిన్న లేజర్ ప్రింటర్లు ప్రత్యేక ప్రస్తావన కోరుతాయి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచే ఫర్మ్‌వేర్ అందుకోవాలి. హెచ్‌పీ డ్రైవర్ల ప్యాకేజీ అయిన హెచ్‌ప్లిప్‌తో పాటు దాని ప్లగిన్‌ను కూడా వేసుకోకపోతే పని పంపినా కాగితం రాదు. కానన్ ఎల్‌బీపీ 2900 తన సొంత ముద్రణ భాష అయిన క్యాప్ట్‌ను కోరుతుంది. సాధారణ డ్రైవర్లతో నడవదు. వీటిలో లినక్స్ చెడలేదు, ప్రింటర్ కూడా చెడలేదు. కొనేముందే లినక్స్ మద్దతు చూసుకోవడమే అసలైన నివారణ.

తెలుగు లిపి చిక్కులు (చూ. యూనికోడ్, హార్ఫ్‌బజ్)

ఎమ్మిగనూరులో పెళ్లిపత్రిక వేయించుకున్నవారు ఆ ఫైలును లినక్స్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల వరస కనిపించవచ్చు. డీటీపీ రంగంలో ఏళ్లుగా నడిచిన అను ఫాంట్లు యూనికోడ్ కావు. తెలుగు అక్షరపు ముక్కలను అవి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో ఆ స్థానాలే బయటపడతాయి. ఇది ఫైలు పాడవడం కాదు, వ్యవస్థ బగ్ కూడా కాదు. యూనికోడ్‌లోకి మార్చే సాధనంతో మారుస్తే పాఠం దక్కుతుంది, ఆ తర్వాత వత్తులు, గుణింతాలు చూసి దిద్దుకోవాలి.

యూనికోడ్ పాఠంలో అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే తెలుగు ఫాంటు లేదని అర్థం. లోహిత్, నోటో, పోతన వంటివి వేసుకుంటే సరిపోతుంది. అక్షరాలున్నా వత్తులు విడివిడిగా పక్కన పడితే, అక్షరాలను పేర్చే పొర ఆ ప్రోగ్రాంలో సరిగ్గా లేదన్నమాట. లినక్స్‌లో ఆ పనిని ఎక్కువగా హార్ఫ్‌బజ్ చేస్తుంది. టెర్మినల్ మాత్రం ప్రతి అక్షరానికీ సమాన వెడల్పు గడి కేటాయిస్తుంది. తెలుగు సంయుక్తాక్షరాలు ఆ గడుల్లో ఇమడవు. అది పాత రూపకల్పనకున్న పరిమితి.

అక్షరాల పేర్పు పొరలోని తప్పు ఎంత దూరం వెళ్లగలదో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. జకారం, ఞకారం, దీర్ఘం కలిసిన ఒక తెలుగు వరస, మధ్యలో కనబడని విభజక గుర్తుతో వస్తే, ఆపిల్ ఐఫోన్లలో సందేశాల అనువర్తనాలు క్రాష్ అయ్యాయి. ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు. లినక్స్ డెస్క్‌టాప్‌కు ఆ బగ్‌తో సంబంధం లేదు. కానీ తెలుగు వాడుకరి ఇచ్చే చిన్న నమూనా పాఠం ఎంత విలువైనదో దానివల్ల తెలుస్తుంది.

టైపింగ్‌కు ఇన్‌పుట్ పద్ధతి ఐబస్ ద్వారా ఇన్‌స్క్రిప్ట్, ఆర్టీఎస్ అమరికలు దొరుకుతాయి. ఒక ప్రోగ్రాంలో తెలుగు పడి మరొకదాంట్లో పడకపోతే, రెండో ప్రోగ్రాం స్నాప్ లేదా ఫ్లాట్‌పాక్ రూపంలో ఉందేమో చూడాలి. అలా మిగతా వ్యవస్థకు విడిగా నడిచే ప్రోగ్రాంకు ఇన్‌పుట్ పద్ధతి అందకపోవడం జరుగుతుంది.

మరమ్మతు మార్గాలు

ఒక్కసారికి ఒక్క మార్పు, ప్రతి మార్పుకూ నోటు పుస్తకంలో ఒక పంక్తి. ఈ నియమం పాటించనివారు లోపాన్ని పోగొట్టినా ఏది పోగొట్టిందో చెప్పలేరు. అమరికల ఫోల్డర్‌ను చెరిపేయకుండా పేరు మార్చి పెట్టడం, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్‌లను సేఫ్ మోడ్‌లో నడపడం, మింట్‌తో వచ్చే టైమ్‌షిఫ్ట్‌తో పాత స్థితికి వెళ్లడం వెనక్కి తీసుకోగల మార్గాలు. ఎక్కడో చూసిన ఆదేశాన్ని నిర్వాహక అధికారమిచ్చే సుడోతో నడపడం అలాంటిది కాదు. 2021లో యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అనే లినక్స్ పంపిణీలో ఆటల ప్రోగ్రాం స్టీమ్ వేసుకోబోయి, హెచ్చరిక వచ్చినా ఒప్పుకోలు వాక్యం టైపు చేయడంతో డెస్క్‌టాప్ మొత్తం తొలగిపోయింది. ప్యాకేజీల్లోని ఒక పొరపాటు దానికి మూలం. ఆ తర్వాత ఆప్ట్‌లో ఇలాంటి తొలగింపులను కట్టుదిట్టం చేశారు. తొలగించబోయే ప్యాకేజీల జాబితాను చదవడం వాడుకరి చేతిలో ఉన్న రక్షణ.

ఫార్మాట్ కొట్టడం కూడా మార్గమే. అయితే డిస్కు, ర్యామ్, వేడి కారణాలైతే కొత్త వ్యవస్థలోనూ అదే లోపం తిరిగొస్తుంది, నిర్ధారణకు కావలసిన లాగులు మాత్రం పోతాయి. హోమ్ విభాగాన్ని వేరుగా ఉంచుకున్నవారు సొంత ఫైళ్లు పోకుండా మళ్లీ స్థాపించుకోగలరు. అయినా ముందుగా ఒక కాపీ తీసుకోవాలి.

నివేదన, ప్రాముఖ్యం

హార్డ్‌వేర్, ఫాంటు, గడియారం, అమరికలు అన్నీ తోసిపుచ్చాక మిగిలిన లోపాన్ని నివేదించాలి. ఉబుంటుకు లాంచ్‌ప్యాడ్, డెబియన్‌కు రిపోర్ట్‌బగ్, గ్నోమ్, కేడీఈలకు వాటి సొంత నమోదు వ్యవస్థలు ఉన్నాయి. పంపిణీ వెర్షన్, కెర్నెల్ వెర్షన్, లోపం వచ్చే మెట్ల వరస, రావలసినది, వచ్చినది, సంబంధిత లాగు పంక్తులు ఉండాలి. తెలుగు పాఠానికి సంబంధించినదైతే బొమ్మతో పాటు అసలు పాఠాన్నీ ఫాంటు పేరునూ జతచేయాలి, బొమ్మ నుంచి యూనికోడ్ వరస తెలియదు.

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 కోరే హార్డ్‌వేర్ లేని పాత డెస్క్‌టాప్‌లకు భద్రతా నవీకరణలు అందే దారుల్లో లినక్స్ ఒకటి. ఆదోని, ఎమ్మిగనూరు వంటి పట్టణాల్లో ఇళ్లలో, చిన్న దుకాణాల్లో ఉన్నవి అలాంటి యంత్రాలైతే వాటి ఆయుష్షు ఈ నిర్ధారణ పనిమీద ఆధారపడి ఉంటుంది. తెలుగు అనువాదాలు, ఫాంట్లు, కీబోర్డుల లోపాలను పట్టుకోగలిగేది తెలుగులో రోజూ పనిచేసేవారే. ఆ నివేదికలు రాకపోతే మూల ప్రాజెక్టుల్లో ఆ లోపాలు ఏళ్ల తరబడి అలాగే నిలిచిపోతాయి.